చేపల తొట్టికి ఏ నీళ్లు పోయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట. ఇంట్లో చేపల తొట్టి ఉంది, చేపలకు నీళ్లు పడటం లేదు, ఏ మెషిన్ కొనాలి? అందుకే ఈ నెల శీర్షిక మొత్తం నీళ్లకే ఇచ్చేశాను. నేను 24 ఏళ్లుగా చేపలు పెంచుతున్నాను. అంతకాలమూ బడిలో రసాయనశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి కొలవని నీళ్ల గురించి సలహా ఇవ్వడానికి నాకు మనసొప్పదు. తమ నీళ్ల వివరాలు రాసి పంపినవాళ్లకు ముందుగా జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా ఇంట్లో 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి పెట్టి మూడు వారాలైంది. బోరు నీళ్లే పోశాం. టీడీఎస్ 640 ఉందని మెషిన్ సర్వీసుకు వచ్చిన అబ్బాయి మీటరు పెట్టి చూపించాడు. మొదట వేసిన ఆరు గప్పీలు బాగానే ఉన్నాయి. పోయిన వారం పాప ముచ్చటపడిందని పది నియాన్ టెట్రాలు తెచ్చాం. అయిదు రోజుల్లో తొమ్మిది పోయాయి. పాప ఏడుపు చూడలేకపోతున్నాను. వంటింట్లో ఆర్ఓ ఉంది కదా, ఆ నీళ్లే పోయమంటారు మావారు. చేపలకు వేరే మెషిన్ కావాలంటాడు అమ్మినాయన. ఎవరి మాట వినాలి? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇప్పుడే ఏ మెషినూ కొనకండి. మీ టెట్రాలను చంపింది 640 అనే అంకె కాకపోవచ్చు.

తొట్టి పెట్టి మూడు వారాలే అన్నారు. చేపల వ్యర్థాల నుంచి, అవి తినకుండా వదిలేసిన మేత నుంచి అమోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆరు గప్పీల బరువు మోయడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న తొట్టిలోకి ఒకేసారి పది చేపలు వచ్చాయి. పైగా బోరు నీళ్ల పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత, సాధారణంగా 8కి అటూఇటూగా ఉంటుంది. అమోనియాకు నీళ్లలో రెండు రూపాలు. ఒకటి అంతగా హాని చేయదు, రెండోది మొప్పల్ని కాల్చేస్తుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర ఆ రెండో రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 దగ్గర 5 వంతులు దాటుతుంది. అంటే అదే అమోనియా మీ తొట్టిలో దాదాపు పది రెట్లు చేటు చేస్తుంది. దీనికి ఎంత మంచి మెషిన్ కొన్నా ఉపయోగం ఉండేది కాదు. కాబట్టి ముందు అమోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్ తెచ్చి చూడండి. రెండూ వరసగా వారం పాటు సున్నా చూపించేదాకా కొత్త చేప వద్దు. పాపకు కూడా ఇదే చెప్పండి. తప్పు తనది కాదని తెలిస్తే ఆ పిల్ల మనసు కుదుటపడుతుంది.

ఇక నీళ్ల సంగతి. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన ఉప్పులన్నిటినీ కలిపి ఒక అంకెగా చూపిస్తుంది. అందులో కాల్షియం ఎంత, సోడియం ఎంత అన్నది దానికి తెలియదు. చేపలవాళ్లకు కావలసింది వేరే రెండు కొలతలు. జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియం కలిపి నీటి కాఠిన్యం. కేహెచ్ అంటే కార్బనేట్ల కొలత, పీహెచ్‌ని పడిపోకుండా పట్టి ఉంచేది ఇదే. రెండూ చుక్కల కిట్‌తో ఇంట్లోనే చూడొచ్చు. కేహెచ్‌కి గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు పట్టి, మందు ఒక్కో చుక్కా వేస్తూ ఊపండి. నీళ్లు నీలంగా మారతాయి. చుక్కలు లెక్కపెట్టుకుంటూ పోతే ఒకానొక చుక్కకు ఆ నీలం పోయి పసుపు వస్తుంది. పన్నెండో చుక్కకు వస్తే మీ కేహెచ్ 12 డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. ఈ పని పాప చేత చేయించండి. మా బడి పిల్లలు రంగు మారే ఆ చుక్క కోసం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు.

జీహెచ్ 15, 20 దాటి వచ్చిందనుకోండి, మీ ముందు రెండు దారులు. మొదటిది, మెషిన్ లేకుండా ఆ నీళ్లకు సరిపడే చేపల్నే పెంచడం. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ కఠినమైన నీళ్లలో హాయిగా పిల్లలు పెడతాయి. నన్నడిగితే కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఇదే మంచిది. నీళ్లు మార్చడం తేలికైతే క్రమం తప్పకుండా మారుస్తారు, అంతకు మించిన ఫిల్టర్ లేదు.

రెండోది, టెట్రాలే కావాలనుకుంటే ఆర్ఓ. నియాన్ టెట్రా పుట్టిల్లు అమెజాన్ పరీవాహక ప్రాంతం. అక్కడి వాగుల్లో నీళ్లు మెత్తగా, అంటే కాఠిన్యం తక్కువగా, కాస్త ఆమ్లంగా ఉంటాయి. మీవారు చెప్పినట్టు వంటింటి మెషినే వాడొచ్చా అంటే, వాడొచ్చు. కానీ దాని కుళాయి కింద బకెట్ పెట్టి మాత్రం కాదు. ఆ మెషిన్ మన నాలుక కోసం తయారైంది. ఉప్పుల్ని ఆపే సన్నని పొర, అంటే మెంబ్రేన్, దాటాక రుచి కోసం కొన్ని బోరు నీళ్లు తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలర్, పీహెచ్ పెంచే ఆల్కలైన్ క్యాండిల్, కొన్నిట్లో కాపర్ క్యాండిల్ కూడా ఉంటాయి. చివరిదాంతోనే నాకు భయం.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో పాత మెషిన్ తీసేసి కొత్తది బిగించారు. పెట్టె మీద ఏం రాసి ఉందో చదవకుండానే ఎప్పటిలాగే చెర్రీ రొయ్యల చిన్న తొట్టిలో అయిదు లీటర్లు మార్చి పడుకున్నాను. పొద్దున లైట్ వేస్తే నత్తలన్నీ నీటిమట్టం దాటి గాజు పైకి పాకి, మూత అంచున అంటుకుని ఉన్నాయి. కింద నల్ల ఇసుక మీద రొయ్యలు పక్కకు ఒరిగి, పొట్ట కింది కాళ్లు మాత్రం సన్నగా కదులుతున్నాయి. ఒకదాని కడుపు నిండా పసుపు గుడ్లు. మధ్యాహ్నానికి ఆ కదలిక కూడా ఆగిపోయింది. అదే తొట్టిలోని చేపలకు ఏమీ కాలేదు. తర్వాత కాపర్ కిట్ తెప్పించి చూస్తే రంగు వచ్చింది. మనం తాగే నీళ్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా రాగి ఉన్నా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టింది. రొయ్యలకు, నత్తలకు అందులో యాభయ్యో వంతు కూడా ప్రమాదం కావచ్చు, మెత్తని నీళ్లలో మరీను. ఆ గుడ్ల రొయ్య నా కళ్ల ముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

కాబట్టి సర్వీసు అబ్బాయిని పిలిచి, మెంబ్రేన్ నుంచి నీళ్లు బయటికొచ్చే పైపు మీదే, మిగతా క్యాండిళ్లకు ముందు, ఒక టీ జాయింట్, చిన్న వాల్వ్ పెట్టించండి. పది నిమిషాల పని. చేపలకు అక్కడి నుంచి పట్టుకోండి. అలా కుదరని మోడల్ అయితే అప్పుడు వేరే మెషిన్ గురించి ఆలోచించండి. అదైనా మూడే భాగాలు చాలు: బురద పట్టే క్యాండిల్, కార్బన్, మెంబ్రేన్. అంతకు మించి ఎన్ని పేర్లు చెప్పినా చేపలకు అక్కర్లేదు.

ఆ నీళ్లు కూడా అలాగే పోయకూడదు, బోరు నీళ్లతో కలపాలి. లెక్క తేలికే. బోరు జీహెచ్ 24 అనుకోండి, మీకు 6 కావాలి. అంటే నాలుగో వంతు బోరు, మిగతా మూడు వంతులు ఆర్ఓ. మీ తొట్టి కొలతలకు నిండా 190 లీటర్లు పడతాయి, ఇసుక, రాళ్లు పోను 160 అనుకుందాం. వారానికి పావు వంతు మార్చాలంటే 40 లీటర్లు. అందులో 10 బోరు, 30 ఆర్ఓ. ఉన్నట్టుండి 24 నుంచి 6కి దించితే బతికున్నవి కూడా పోతాయి. వారం వారం ఇలా మారుస్తూ నెమ్మదిగా దించండి. గప్పీలకు మరీ మెత్తని నీళ్లు పడవు, అవీ ఇవీ ఒకే తొట్టిలో ఉండాలంటే 10 దగ్గర ఆపేయండి. ఇప్పుడు దొరికే నియాన్‌లు చాలావరకు ఫారాల్లో పుట్టినవే కాబట్టి అక్కడ సర్దుకుంటాయి.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ఇంటర్ చదువుతున్నాను. నా 40 లీటర్ల తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్ ఉండేవి. మంచి నీళ్లు పోయాలని రెండు నెలలుగా ఆర్ఓ నీళ్లే పోశాను, టీడీఎస్ మీటర్లో 12 చూపించేది. ఈమధ్య రెండూ డల్‌గా మూలన నిలబడేవి. పీహెచ్ స్ట్రిప్ పెడితే అన్నిటికన్నా కింది రంగు వచ్చింది. టెన్షన్‌తో వెంటనే సగం నీళ్లు తీసేసి బోరు నీళ్లు పోశాను. సాయంత్రానికి రెండూ చచ్చిపోయాయి. బోరు నీళ్లలో ఏముంది? — ఒక విద్యార్థి

జవాబు: బాబూ, బోరు నీళ్లలో ఏమీ లేదు. నువ్వు ప్రేమతోనే చేశావు, ఏం జరిగిందో మాత్రం పూర్తిగా తెలుసుకో. నీ రెండో తొట్టికి అది పనికొస్తుంది.

టీడీఎస్ 12 ఉన్న నీళ్లలో కేహెచ్ దాదాపు సున్నా. ఫిల్టర్‌లోని బాక్టీరియా అమోనియాను మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. అమోనియాలోని ఒక్కో మిల్లీగ్రాము నత్రజనికి సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. మామూలు నీళ్లలో ఆ ఖర్చు కార్బనేట్లు భరిస్తాయి. నీ తొట్టిలో భరించడానికి ఏమీ మిగల్లేదు, పీహెచ్ జారిపోయింది. 6 కిందికి వెళ్లేసరికి ఆ బాక్టీరియా కూడా పని దాదాపు ఆపేస్తుంది. అప్పటి నుంచి అమోనియా పేరుకుంటూనే ఉంది. కానీ ఆమ్లంగా ఉన్న నీళ్లలో అది హాని తక్కువ రూపంలో ఉంటుంది. అందుకే చేపలు డల్‌గా ఉన్నా బతికే ఉన్నాయి.

నువ్వు బోరు నీళ్లు పోయగానే పీహెచ్ ఒక్కసారిగా 7 దాటి పైకి పోయింది. అన్నాళ్లుగా పేరుకున్నదంతా గంటల్లో విషపు రూపంలోకి మారింది. చంపింది అదే. ఆ పరిస్థితిలో చేయాల్సింది రోజుకు పదో వంతు చొప్పున మారుస్తూ రావడం, మేత ఆపేయడం.

ఆర్ఓ నీళ్లు వాడాలంటే ఉప్పులు తిరిగి కలిపి తీరాలి. బోరు నీళ్లు కలపడం ఒక పద్ధతి. అవి బాగోలేకపోతే జీహెచ్, కేహెచ్ రెండూ పెంచే మినరల్ పొడి అక్వేరియం సామాన్లలో దొరుకుతుంది. కేహెచ్ మాత్రమే కావాలంటే వంట సోడా చాలు. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే 1 డిగ్రీ పెరుగుతుంది. ముందు మగ్గు నీళ్లలో కరిగించి పోయాలి. గోల్డ్‌ఫిష్‌కి అసలు మెత్తని నీళ్లు అక్కర్లేదు, మీ బోరు నీళ్లలోనే చక్కగా పెరుగుతుంది. ఇంకోటి, రెండు గోల్డ్‌ఫిష్‌కి 40 లీటర్లు చాలా తక్కువ. 100 దాటిన తొట్టి దొరికాకే మళ్లీ తెచ్చుకో.

ప్రశ్న: మాకు మున్సిపల్ కుళాయి నీళ్లు. టీడీఎస్ 180 మాత్రమే. కానీ క్లోరిన్ వాసన గుప్పుమంటుంది. నీళ్లు మార్చిన రోజు ఏంజెల్ చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆర్ఓ పెడితే క్లోరిన్ పోతుందా? — ఒక ఉద్యోగి

జవాబు: 180 ఉన్న నీళ్లకు ఆర్ఓ ఎందుకండీ? మీ నీళ్లు చాలామంది కోరుకునే నీళ్లు. మీకు కావలసింది ఒక్క కార్బన్ ఫిల్టర్.

నిజానికి ఆర్ఓ మెషిన్‌లో క్లోరిన్‌ని తీసేది మెంబ్రేన్ కాదు, దాని ముందున్న కార్బన్. 1960 ప్రాంతంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ తయారు చేసిన, వాడకానికి పనికొచ్చిన తొలి మెంబ్రేన్ సెల్యులోజ్ అసిటేట్‌ది, అది కొద్దిపాటి క్లోరిన్‌ని తట్టుకునేది. ఇప్పుడు ఇళ్లలో వాడే పాలీఅమైడ్ మెంబ్రేన్‌ను క్లోరిన్ తినేస్తుంది. అందుకే కార్బన్ అరిగిపోయాక మార్చకుండా వదిలేసినవాళ్ల మెంబ్రేన్ ఏడాదికే పోతుంది.

కార్బన్ ఫిల్టర్ కొనేటప్పుడు పెద్ద సైజుది చూడండి, నీళ్లు సన్నగా పోనివ్వండి. కార్బన్‌ను తాకుతూ నీళ్లు ఎంతసేపు ఉంటే అంత శుభ్రం. కుళాయి మొత్తం తిప్పేస్తే క్లోరిన్ తప్పించుకుని వచ్చేస్తుంది. కొత్త క్యాండిల్ బిగించాక మొదట నల్లటి పొడి నీళ్లు వస్తాయి, అవి తేటపడేదాకా పారబోయండి. పనిచేస్తోందో లేదో తెలియడానికి క్లోరిన్ టెస్ట్ చుక్కలు ఉంటాయి. నీళ్లలో వేస్తే గులాబీ రంగు వచ్చిందంటే క్లోరిన్ ఇంకా ఉన్నట్టు.

ఫిల్టర్ వద్దనుకుంటే బకెట్లో నీళ్లు పట్టి, ఎయిర్ పంప్ రాయి వేసి 24 గంటలు బుడగలు రానివ్వండి. నేను ఇరవై ఏళ్లు నీలం డ్రమ్ముతో ఇలాగే నెట్టుకొచ్చాను. ఒక్క చిక్కు ఉంది. కొన్నిచోట్ల క్లోరిన్ బదులు క్లోరమైన్ కలుపుతారు. అది క్లోరిన్, అమోనియా కలిసిన పదార్థం, రోజులు గడిచినా గాలికి పోదు. నిల్వ ఉంచిన నీళ్లు కూడా గులాబీ రంగు చూపిస్తున్నాయంటే దాన్ని అనుమానించండి. మామూలు క్లోరిన్ మందు, అంటే సోడియం థయోసల్ఫేట్, వేస్తే క్లోరిన్ భాగం పోయి అమోనియా నీళ్లలోనే మిగిలిపోతుంది. అమోనియాను కూడా కట్టేసే కండిషనర్ వాడాలి. మందు నేరుగా తొట్టిలో వేసేవాళ్లు కొత్త నీళ్లకు కాదు, తొట్టి మొత్తం నీళ్లకు లెక్కగట్టి వేయండి.

మీ ఏంజెల్స్ మొప్పలు ఇప్పటికే దెబ్బతిని ఉంటాయి. ఈ రెండు వారాలు బుడగలు ఎక్కువ పెట్టండి, ఒకేసారి అయిదో వంతుకు మించి మార్చకండి.

ప్రశ్న: తాగే నీళ్ల యూవీ ఫిల్టర్ ఉంటే చేపలకు సరిపోతుందా?

జవాబు: సరిపోదు. యూవీ దీపం తన ముందు నుంచి పోయే నీళ్లలోని క్రిముల్ని చంపుతుంది, అంతే. కాఠిన్యం, క్లోరిన్, అమోనియా వేటినీ ముట్టుకోదు. తొట్టి నీళ్లు పచ్చబడే సమస్య ఉంటే మాత్రం ఫిల్టర్ పైపుకు బిగించే యూవీ బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ మొత్తానికి ఉప్పు బస్తాలు పోసే వాటర్ సాఫ్ట్‌నర్ ఉంది. జీహెచ్ 1 వచ్చింది. ఇక డిస్కస్ చేపలకు ఆర్ఓ అక్కర్లేదు కదండీ? — కొత్తగా మొదలుపెట్టిన వ్యక్తి

జవాబు: దయచేసి డిస్కస్ తేకండి, ఇంకా కాదు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని వాటి బదులు సోడియం ఇస్తుంది. ఉప్పు బస్తా అందుకే. సబ్బు నురుగొస్తుంది, గీజర్ గార పట్టదు. కానీ నీళ్లలో కరిగినవి తగ్గవు. మీటరు పెట్టి చూడండి, సాఫ్ట్‌నర్ ముందూ వెనకా టీడీఎస్ దాదాపు ఒకటే ఉంటుంది. కార్బనేట్లు కూడా అలాగే ఉంటాయి కాబట్టి పీహెచ్ దిగదు. పేరు మెత్తని నీళ్లే, కానీ డిస్కస్ అడిగే మెత్తదనం అది కాదు. గప్పీలకూ అవి మంచివి కావు, వాటికి కావలసిన కాల్షియమే అందులో లేదు. సాఫ్ట్‌నర్‌కి ముందున్న పైపు నుంచి ఒక కుళాయి దొరుకుతుందేమో అడగండి. డిస్కసే కావాలంటే సాఫ్ట్‌నర్ నీళ్లనే ఆర్ఓకి ఇవ్వొచ్చు. అది మంచి జోడీ, గార పట్టక మెంబ్రేన్ ఎక్కువ కాలం వస్తుంది.

ప్రశ్న: నేను ఏడాదిగా నీళ్లు మార్చలేదు. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు నింపుతున్నాను, చేపలు బాగానే ఉన్నాయి. కుళాయిలో టీడీఎస్ 500, తొట్టిలో 1,900. మీటరు చెడిపోయిందా? ఆర్ఓ నుంచి బయటికి పోయే నీళ్లు కూడా వృథా చేయకుండా తొట్టికే వాడొచ్చా? — రిటైరైన ఉద్యోగి

జవాబు: సార్, మీటరు నిజమే చెబుతోంది. ఆవిరై పోయేది నీళ్లు మాత్రమే, ఉప్పులు తొట్టిలోనే ఉండిపోతాయి. 60 లీటర్ల తొట్టిలో రోజుకు ఒక లీటరు ఆవిరైందనుకోండి. ఆ లీటరు స్థానంలో మీరు పోసే 500 టీడీఎస్ నీళ్లతో అర గ్రాము ఉప్పులు లోపలికి వెళ్తాయి. నెలకు 15 గ్రాములు. అంటే నెల తిరిగేసరికి తొట్టి టీడీఎస్ 250 పెరుగుతుంది. గాజు మీద నీటిమట్టం దగ్గర తెల్లటి గీత పేరుకుని ఉంటుంది, గోటితో గీకితే పొడి రాలుతుంది. అదే ఇది.

మీ పాత చేపలు ఏడాదిగా మెల్లమెల్లగా అలవాటుపడ్డాయి, కానీ కొత్త చేపను తెచ్చి వేస్తే తట్టుకోలేదు. కంగారుపడి సగం నీళ్లు మార్చేయకండి. వారానికి పదో వంతు చొప్పున మొదలుపెట్టండి. ఆవిరైనంత మేరకు నింపడానికి మాత్రం ఉప్పుల్లేని ఆర్ఓ నీళ్లే వాడాలి. ఏమీ కలపకుండా పోయాల్సిన సందర్భం మంచినీటి తొట్టికి ఇదొక్కటే.

బయటికి పోయే నీళ్ల గురించి మీరు అడిగినందుకు సంతోషం. ఇళ్లలో వాడే మెషిన్ ఒక లీటరు ఇవ్వడానికి మూడు లీటర్లు బయటికి వదలడం మామూలే. ఆ నీళ్లు కార్బన్ దాటి వచ్చినవి కాబట్టి క్లోరిన్ ఉండదు. కానీ ఒక లీటరు తాలూకు ఉప్పులు కూడా ఆ మూడింటిలోనే చేరతాయి. మీ 500 అక్కడ 650 దాటుతుంది. ఇప్పటికే 1,900 ఉన్న మీ తొట్టికి తేవద్దు. నేల తుడవడానికి, బాత్రూముకు వాడండి. నేను డ్రమ్ములో పట్టి ఫిల్టర్ స్పాంజి మురికి మొదటిసారి పిండటానికి వాడతాను.

ప్రశ్న: చేపల కోసమే విడిగా ఆర్ఓ కొంటున్నాను. 75 జీపీడీ అని ఉంది. సరిపోతుందా? క్యాండిళ్లు ఎప్పుడు మార్చాలి?

జవాబు: జీపీడీ అంటే రోజుకు ఇచ్చే గ్యాలన్లు. 75 అంటే సుమారు 284 లీటర్లు, గంటకు 12 కూడా రావు. అదీ 25 డిగ్రీల నీళ్లతో, వాళ్లు చెప్పిన ప్రెషర్ ఉంటేనే. చలికాలం బాగా తగ్గుతుంది. అయినా వారానికి 40, 50 లీటర్లు కావలసిన ఇంటికి ఇది ధారాళంగా చాలు. పెద్ద మెషిన్ కన్నా పెద్ద డ్రమ్ము ముఖ్యం. ముందురోజు పట్టి, బుడగలు పెట్టి, తొట్టి వేడికి వచ్చాక పోయాలి.

క్యాండిళ్లు ఆరు నెలలకో ఏడాదికో అంటారు. నేను తేదీని నమ్మను, నోట్‌బుక్‌ని నమ్ముతాను. నెలకోసారి లోపలికి వెళ్లే నీళ్లు, బయటికొచ్చే నీళ్లు రెండింటి టీడీఎస్ రాసుకోండి. లోపల 600, బయట 30 అంటే నూటికి 95 పాళ్లు ఆపుతోంది. బయటి అంకె నెలనెలా పెరుగుతూ 80, 90కి చేరిందంటే మెంబ్రేన్ అయిపోవచ్చినట్టు. మెషిన్ కాసేపు ఆగి మళ్లీ ఆన్ చేసినప్పుడు వచ్చే మొదటి లీటరులో అంకె ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, అది పారబోసి ఆ తర్వాత కొలవండి. కార్బన్ సంగతి మాత్రం ఈ మీటరు చెప్పలేదు, క్లోరిన్ దానికి కనిపించదు. కుళాయి నీళ్లవాళ్లు గులాబీ రంగు టెస్ట్ కూడా చేయాలి. కొత్త మెంబ్రేన్‌లో పాడవకుండా పెట్టే మందు ఉంటుంది, మొదటి గంట, రెండు గంటల నీళ్లు చేపలకు వద్దు.

ప్రశ్న: సముద్రపు చేపలకు కూడా ఇదే మెషిన్ చాలా?

జవాబు: చాలదు. ఆర్ఓ తర్వాత మిగిలిన ఉప్పుల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం కూడా ఉండి, మీటరు సున్నా చూపించాలి. మెంబ్రేన్ దాటి వచ్చే కాస్త సిలికేట్, ఫాస్ఫేట్ కూడా అక్కడ గోధుమరంగు నాచుకు మేత అవుతుంది. ఆ నీళ్లలో సముద్రపు ఉప్పు మిశ్రమం లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన కలపాలి.

ప్రశ్న: అమ్మమ్మా, చేప నీళ్లు తాగుతుందా? మా చేప ఎప్పుడూ నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. — నాలుగో తరగతి

జవాబు: బంగారూ, మీ ఇంట్లో ఉన్న మంచినీటి చేప దాదాపు తాగదు. ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది కదా? అలాగే చేప ఒంట్లోకి మొప్పల గుండా నీళ్లు వాటంతట అవే వెళ్లిపోతుంటాయి. చేప రక్తం చుట్టూ ఉన్న నీళ్లకన్నా ఉప్పగా ఉంటుంది మరి. అలా వచ్చిన నీళ్లని అది రోజంతా ఉచ్చ పోసి బయటికి పంపుతూనే ఉండాలి. ఉప్పులు అసలే లేని నీళ్లు పోస్తే పాపం దానికి ఆ పని ఇంకా ఎక్కువ అవుతుంది. సముద్రపు చేపకు దీనికి తలకిందులు. దాని చుట్టూ ఉన్న నీళ్లే ఎక్కువ ఉప్పన, ఒంట్లో నీళ్లు బయటికి పోతుంటాయి. అందుకని అది నిజంగానే తాగుతుంది, ఎక్కువైన ఉప్పును మొప్పల నుంచి బయటికి నెడుతుంది.

మీ చేప నోరు తెరిచేది ఊపిరి కోసం. నోట్లోకి వెళ్లిన నీళ్లు మొప్పల మీదుగా బయటికి వస్తాయి. రేపు పొద్దున లైట్ వేయకముందు, తొట్టిని తట్టకుండా దగ్గర కూర్చుని, చెంప దగ్గర మొప్ప మూత నిమిషంలో ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టు. నీళ్లు మార్చిన మరుసటి రోజు మళ్లీ లెక్కపెట్టు. రెండు అంకెలూ నాకు రాసి పంపు.